బుడ్డోడి తర్వాత ఎవరూ రాలేదు

బుడ్డోడికి బట్టతల వచ్చి చాలా ఏళ్లయింది. చత్వారం వచ్చింది. ఎడమ మోకాలు మెట్లెక్కేటప్పుడు టకటకమంటుంది. మీసంలో నలుపు వెతుక్కోవాలి. అయినా కాలిపోయిన మోటార్లకు కొత్త తీగ చుట్టే ఆ షెడ్డులో అతను ఇంకా బుడ్డోడే.

షెడ్డులో ఒక రూలుంది. ఆఖరున పనిలో చేరినవాడే టీ కాచాలి. నేల ఊడవాలి. మోటారు లోపల మాడిపోయిన పాత తీగను ఉలితో కొట్టి బయటికి లాగే మసి పనీ వాడిదే. టీ వేళకి మిగతావాళ్లు గోడవారనున్న పొడుగాటి బల్ల మీద కూర్చుంటారు, కాచినవాడు స్టవ్ పక్కన నిలబడి తాగుతాడు. కొత్తవాడు రాగానే టీ గిన్నె వాడికిచ్చేసి పాతవాడు బల్ల మీదికి జరుగుతాడు. ఈ రూలు ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. బుడ్డోడు మీసాలు కూడా సరిగ్గా రాని వయసులో చేరినప్పుడు, అతని చేతికి గిన్నె ఇచ్చినవాడు భుజం తట్టి, వచ్చే ఏడాదికి ఇంకోడొస్తాడు లేరా అని ధైర్యం చెప్పాడు.

రాలేదు.

అప్పట్లో ఆ మాట నమ్మడంలో తప్పు లేదు. ఎటు చూసినా కుర్రాళ్లే. బడిలో బెంచీ మీద చోటు దొరక్క కిటికీలో కూర్చుని చదివిన పిల్లలు పెరిగి పెద్దయి, అందరూ ఒకేసారి పని కోసం రోడ్డు మీద పడ్డారు. బస్సుల వెనక వేలాడారు. ఒకే గదిలో పగటి షిఫ్టు వాళ్లు లేచాక ఆ చాపల మీదే రాత్రి షిఫ్టు వాళ్లు పడుకున్నారు. షెడ్డు గేటుకి ‘ఖాళీలు లేవు’ అని రేకు బోర్డు వేలాడుతున్నా పొద్దున్నే దాని కిందే జనం నిలబడేవాళ్లు. వాళ్లకీ పెళ్లిళ్లయ్యాయి, పిల్లలు పుట్టారు. కాకపోతే ఒకరు, మహా అయితే ఇద్దరు. మేం పడ్డ పాట్లు చాలన్నారు. ఆ ఒకరిద్దరినీ బాగా చదివించారు. అంత చదివినవాడు వచ్చి ఉలి పట్టుకుని మసి పూసుకుంటాడా? పూసుకోడు. ఎందుకు పూసుకోవాలి? ఓనరు ఆ బోర్డునే తిరగేసి వెనక ‘పనివాళ్లు కావలెను’ అని రాయించాడు. ఆ రంగూ వెలిసిపోయింది. బల్ల మీది వాళ్లు ఒక్కొక్కరే రిటైరయ్యారు, కొందరు పోయారు. చివరికి షెడ్డులో మిగిలింది ముగ్గురు. ఓనరు, చుట్టిన మోటార్లను వార్నిష్‌లో ముంచి ఆరబెట్టే వార్నిష్ మామ, బుడ్డోడు.

ఇంట్లోనూ ఇదే కథ. ఏడుగురిలో అతనే ఆఖరు. చిన్నప్పుడు సంపాదించేది నాన్న ఒక్కడు, కంచాల ముందు కూర్చునేవాళ్లు ఇంటి నిండా. తర్వాత అన్నలూ అక్కలూ వరసగా పనుల్లో చేరారు. ఆ కొన్నేళ్లూ ఇల్లు వెలిగిపోయింది. ఫ్రిజ్ వచ్చింది, పైన మరో అంతస్తు లేచింది. చేసే చేతులు ఎక్కువ, తినే నోళ్లు తక్కువ. ఎప్పటికీ అలాగే ఉంటుందనుకున్నారు. పెళ్లిళ్లు పెద్దవాళ్ల నుంచి చేసుకుంటూ వచ్చారు. బుడ్డోడి వంతు వచ్చేసరికి సంబంధాలు చూసే ఓపిక ఎవరికీ మిగల్లేదు. వాడికేం తొందర, చిన్నోడే కదా అన్నారు. అంటూనే ఉన్నారు. ఇప్పుడు అన్నలంతా ఇంట్లో కూర్చున్నారు, పెద్దబావ మంచం పట్టాడు, చిన్నక్కకి కంటి ఆపరేషన్. ఇంకా పనిలో ఉన్నది, స్కూటర్ నడపగలిగింది అతనొక్కడే. ఏం జరిగినా బుడ్డోడికి ఫోన్ చెయ్యమంటారు. అతని ఆదివారాలు ఆస్పత్రి వరండాల్లోనే గడిచిపోతాయి. అందరినీ ఇళ్లకి దింపి వచ్చి తన గది తాళం తను తీసుకుంటాడు. తనకేదైనా అయితే ఎవరికి ఫోన్ చెయ్యాలన్నది మాత్రం ఆలోచించడు.

అతనికున్న కోరిక ఒక్కటే. షెడ్డులో తన కింద ఒకడు చేరాలి. టీ గిన్నె వదిలించుకోవడానికి కాదు. పని నేర్చుకుంటూ ఒకడు తనని ‘అన్నా’ అని పిలవాలి. రోడ్డు మీద దారి అడిగేవాళ్లు పిలుస్తారు, అది లెక్కలోకి రాదు. అన్నల పిల్లలు ‘బాబాయ్’ అంటారు, అదీ ఫోన్‌లో, డాక్టరేమన్నాడో కనుక్కోవడానికి.

ఒక శనివారం ఓనరు, సోమవారం నుంచి కొత్తవాడొస్తున్నాడని చెప్పాడు. వయసెంతని అడగాలని బుడ్డోడికి తోచనే లేదు. కొత్తవాడంటే కుర్రాడేగా. ఆ సాయంత్రమే టీ గిన్నె అడుగు మాడు పోయేదాకా తోమాడు. మొదట నేర్పడానికి వీలుగా ఒక చిన్న మోటారు పక్కన పెట్టాడు. తన స్టూలు పక్కన ఇంకో స్టూలు వేశాడు. తనని తిట్టినట్టు తిట్టకూడదని, మొదటి వారం ఉలి పని చెప్పకూడదని అనుకున్నాడు. సోమవారం నున్నగా గడ్డం గీసుకుని వచ్చాడు.

“పెళ్లిచూపులేమైనా ఉన్నాయేంట్రా?” అన్నాడు వార్నిష్ మామ.

బుడ్డోడు గేటు వైపే చూస్తున్నాడు. కాసేపటికి తల పండిపోయిన ఒకాయన, చేతిలో టిఫిన్ డబ్బాతో మెల్లగా లోపలికొచ్చాడు. రిపేరుకొచ్చాడనుకుని బుడ్డోడు లేచి ఎదురెళ్లాడు.

“మోటారెక్కడ పెద్దాయనా? ఆటోలో ఉందా?”

“మోటారు లేదు బాబూ. నేనే. పనికొచ్చాను.”

ఫ్యాన్ల కంపెనీ స్టోర్‌లో పనిచేసి రిటైరయ్యాడట. కూతురూ అల్లుడూ పొద్దున్నే ఉద్యోగాలకి పోతారు, పగలంతా గోడలతో మాట్లాడలేక వచ్చానన్నాడు. బుడ్డోడు తలూపాడు. వేసిపెట్టిన రెండో స్టూలు తుడిచి ఆయన ముందుకి జరిపాడు. ఇంకేం చెయ్యాలో తెలియలేదు.

టీ వేళయింది. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రూలు సంగతి మామే నవ్వుతూ చెప్పాడు. పెద్దాయన లేచి స్టవ్ దగ్గరికి నడిచాడు.

“మీరు కూర్చోండి, నేను పెడతాను,” అన్నాడు బుడ్డోడు.

“నా కోసం రూలు మార్చకు బాబూ. మారిస్తే నేను ముసలాణ్ణని రోజూ గుర్తుచేసినట్టే.”

అలా బుడ్డోడు బల్ల మీద కూర్చున్నాడు. ఒక కొసన మామ. ఓనరు తన కుర్చీలో. మిగతా బల్లంతా ఖాళీ. ఎక్కడ కూర్చోవాలో తేలక, లేచినప్పుడు ఎవరికీ అడ్డు కాకుండా రెండో కొసన కూర్చున్నాడు. అడ్డు కావడానికి అసలెవరూ లేరని కూర్చున్నాక గుర్తొచ్చింది. టీలో పంచదార లేదు. ఆ పెద్దాయన ఇంటి అలవాటు. మామ, నాకూ షుగరే, కలిసొచ్చిందన్నాడు. ఎదురుగా స్టవ్ పక్కన పెద్దాయన గోడకి ఒరిగి, గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, వీళ్ల మాటల్లో కలవాలా వద్దా అన్నట్టు నిలబడి ఉన్నాడు. అక్కడ నిలబడ్డ మనిషి ఎలా కనిపిస్తాడో బుడ్డోడు ఏనాడూ చూడలేదు. చూస్తే అక్కడిక నిలబడగలిగేవాడు కాదేమో.

తర్వాత చిన్న మోటారు ముందేసుకుని ఇద్దరూ కూర్చున్నారు. మోటారు లోపలి గాడిలో కాగితం ఎలా పరవాలో, దాని మీద తీగ గీసుకుపోకుండా ఎలా దింపాలో బుడ్డోడు చూపించాడు. పెద్దాయన కళ్లజోడు తుడుచుకుని మళ్లీ మళ్లీ అడిగాడు. వేళ్లు వణుకుతున్నాయి, శ్రద్ధ మాత్రం ఉంది.

“ముందే చెప్తున్నా బాబూ. రెండు మూడేళ్లకి మించి ఈ మోకాళ్లు నన్ను మొయ్యవు. నీ నేర్పంతా దండగైపోతుందేమో.”

“ఫరవాలేదు. నేర్చుకోండి.”

“ఇంతకీ నిన్నేమని పిలవాలి? నేర్పేవాణ్ణి బాబూ అనకూడదు. ఎలా పిలవమంటే అలా పిలుస్తాను.”

ఇన్నేళ్లూ దాచుకున్న మాట నాలుక చివరికొచ్చింది. అడిగితే ఆయన కాదనడు, అలాగే పిలుస్తాడు, నవ్వకుండానే పిలుస్తాడు. బుడ్డోడు ఆయన తెల్లటి తల వైపు చూశాడు, వణికే వేళ్ల మధ్య తీగ వైపు చూశాడు.

“బుడ్డోడనే పిలవండి. అందరూ అలాగే అంటారు.”

ఆయన పెదవులు కదిపి ఒకసారి తనలో తను అనుకుని చూసుకున్నాడు. తర్వాత తీగ కొస పైకెత్తి, “బుడ్డోడా, ఇదెటు పోవాలి?” అన్నాడు.

బుడ్డోడు స్టూలు దగ్గరికి లాక్కుని, ఆయన వేలు పట్టుకుని సరైన గాడి మీద పెట్టాడు.