మాట్లాడకుండా తీసుకోవలసిన మందు

మా అవ్వ, అంటే మా అమ్మ, కామంచి మందు ఇచ్చేది. దాన్ని తీసుకున్నవాళ్లు ఒక్క మాట మాట్లాడకూడదు. మేలు చేశావని నోరు జారితే మందు పట్టదని నమ్మకం. దొన్నె అందుకుని, వెనక్కి తిరిగి చూడకుండా పోవాలి. బోధన్‌లో మా గల్లీవాళ్లు ఏ ఆచారాన్నైనా తప్పారేమో గానీ దీన్ని ఒక్కనాడూ తప్పలేదు. వాళ్లకు అంత సుఖమైన ఆచారం మరొకటి లేదు.

కాలువ నీళ్లు వచ్చిన కొత్తలో ఎటు చూసినా చెరకు పెట్టారు. గట్ల మీద తడి ఆరేది కాదు. ఆ తడిలో కామంచి మోకాలెత్తు పెరిగేది. మిరియం గింజంత నల్లటి పండ్లు. తెంపితే వేళ్లకు ఊదారంగు అంటుకుని రెండు రోజులు పోయేది కాదు. అవ్వ ఆ పండ్లను బెల్లంతో నూరి దగ్గుకు ఇచ్చేది. నోరు పూస్తే ఆకుతో పప్పు వండి పెట్టమనేది. పసిరికలకు, అంటే పచ్చకామెర్లకు, ఆకు పసరు మజ్జిగలో కలిపి తాగించేది. పచ్చికాయ మాత్రం ఎవరినీ ముట్టనిచ్చేది కాదు, అది విషమని.

ఎదురింటి అత్త ముగ్గురు పిల్లలకూ మా ఇంటి దొన్నెలే వెళ్లాయి. అదే అత్త తన బిడ్డ పెళ్లిలో మా అవ్వను చివరి బంతిలో కూర్చోబెట్టి, "ఆకులమ్మకు ఆకెయ్యుండ్రి" అని నవ్వింది. అవ్వ మరచిపోయింది. నేను మరవలేదు.

ఆ తడి దోమలనూ తెచ్చింది. ఒక వానాకాలం అవ్వకు చలిజ్వరం పట్టుకుంది, వెనకే కళ్లు పచ్చబడ్డాయి. దవాఖాన గోలీలు రెండు రోజులు మింగి, కక్కి, ఇక వద్దంది. "కామంచి తెప్పియ్యి" అంది. నేను లేవబోతే చెయ్యి పట్టుకుంది.

"నువ్వు కాదు. మన చెయ్యి మనకు పట్టది. బయటోళ్లతోని తెంపియ్యి."

ఎదురింటికి వెళ్లాను. అత్త జొన్నలు చెరుగుతోంది.

"బురదల దిగి ఆకులు తెంపాల్నా? ఊరందరికి మందిచ్చేటామెకు మందు దొరకదానే?"

పక్కనున్న కోడళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆ పక్కింటి తలుపు తట్టాను. "ఇంట్ల ఎవ్వలు లేరు" అని ఆ ఇంటాయనే లోపలినుంచి చెప్పాడు. నిరుడు ఆయన నోటిపూత తగ్గింది మా ఆకుతోనే.

గల్లీ చివర బట్టలు కుట్టే బూబమ్మ తన గడపలో నిలబడి ఇదంతా వింది. ఆమె మా దగ్గర ఏనాడూ ఏ మందూ తీసుకోలేదు. సూది జాకెట్టుకు గుచ్చుకుని, "నడువు బేటీ, ఏడున్నదో సూపియ్యి" అంది. పైజామా మడిచి బురదలో దిగింది. ఆకు తెంపింది, నల్లటి పండ్లు ఏరింది. దొన్నె నా చేతిలో పెట్టింది. నేను తిరిగి వెళ్లిపోవాలి. వెళ్లలేకపోయాను.

"బూబమ్మా, నీ మేలు ఈ జన్మల మర్వ."

"గదేం మాట! పో, మీ అవ్వ ఎదురు సూస్తుంటది."

అవ్వ దొన్నె ముట్టుకోకముందే అడిగింది. "ఏమన్న అన్నవా ఆమెతోని?"

"అనలే."

"ఒట్టు?"

"ఒట్టు."

పసరు తాగింది. ఎనిమిదో రోజున పోయింది.

అంత ముదిరిన రోగానికి కామంచి చాలదని తర్వాత పెద్ద దవాఖానలో పనిచేసే ఒకామె నాకు చెప్పింది. దగ్గుకూ నోటికీ కొంత ఉపశమనమేమో గానీ, దాన్ని నమ్ముకుని గోలీలు మానడమే తప్పు అంది. ఒప్పుకున్నాను. అయినా ఆ ఒట్టు నన్ను వదల్లేదు.

చలికాలంలో ఎదురింటి అత్త మనవణ్ణి చంకనేసుకుని వచ్చింది. పిల్లవాడు ఒకటే దగ్గు. "మీ అవ్వ వాసి నీ చేతికి వచ్చి ఉంటది" అంది. నేను పండ్లు నూరి దొన్నెలో పెట్టాను, కానీ దొన్నె వదల్లేదు.

"మా అవ్వ గురించి ఒక్క మంచి మాట అను, ఇస్త."

"అంటే పట్టది గద బిడ్డా!"

"అవ్వకు మందు తెచ్చిన్నాడు నేను గూడ అన్న. బూబమ్మతోని."

అత్త నా మొహం చూసింది. పిల్లవాణ్ణి ఇంకో చంకకు మార్చుకుని, దొన్నె ముట్టకుండా, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయింది. సాయంత్రానికి గల్లీ అంతా తెలిసింది, నోరు జారి తల్లిని తినేసిన బిడ్డనని. ఆ తర్వాత మా గడప ఎవరూ తొక్కలేదు. గట్టు మీద పండ్లు రాలి, చెరకు కొట్టేవాళ్ల కాళ్ల కింద నలిగి, దారంతా ఊదారంగు అయ్యేది.

ఆ పిల్లవాడి దగ్గు ఎన్నాళ్లుందో నాకు తెలియదు. దొన్నె వదలకపోవడం నా తప్పే. బూబమ్మతో అన్న మాటను మాత్రం నేను వెనక్కి తీసుకోను.