వీధికంతటికీ మా కుక్కరే సైరన్

మొన్న ఈ పరాయి దేశంలో, స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్ అనే ఊళ్లో మా అమ్మాయి ఇంట్లో చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ టీవీ చూస్తుంటే, ఎక్కడో యుద్ధం మొదలైందని, దానితో ఏ సంబంధమూ లేని ఓ చిన్న దేశపు ప్రధాని కళ్లజోడు సవరించుకుంటూ ఎమర్జెన్సీ ప్రకటించాడు. నాకు నవ్వాగలేదు. "వై ఆర్ యూ లాఫింగ్, అమ్మమ్మా?" అంది మనవరాలు. నేను నోరు తెరిచేలోగానే ఫోన్‌లో మునిగిపోయింది కనుక మీకు చెబుతున్నాను.

పెళ్లయిన కొత్తలో మావారికి హిందూ మహాసముద్రంలోని ఓ బుల్లి ద్వీపదేశంలో లెక్కల మాస్టారుగా ఉద్యోగమొస్తే, చీరల మధ్య ప్రెషర్ కుక్కర్ చుట్టుకుని నేనూ వెళ్లాను. తాము ఎవరి పక్షమూ కామని గొప్పగా చెప్పుకునే దేశమది. దూరాన వేరెవరికో యుద్ధం మొదలవగానే అక్కడి అధ్యక్షుడు వణికే గొంతుతో రేడియోలో ఎమర్జెన్సీ ప్రకటించి, వీధివీధినా కందకం తవ్వించి, విమానాలొస్తే సైరన్ కూస్తుందన్నాడు. ఆ కూత ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు. సైరన్ ఇంకా ఓడలో వస్తోందట.

మర్నాడు నేను కందిపప్పు పెట్టాను. కుక్కర్ కూత వేయగానే వీధి వీధంతా కందకంలోకి దూకింది. ఆ కేకలకు హడలిపోయి, పొయ్యి సంగతే మరిచి, నేనూ దూకాను. మోకాళ్లదాకా వాననీళ్లు, పైన కూత మీద కూత. బడి నుంచి మావారు వస్తారో రారోనని ఏడుస్తున్నాను. ఇంతలో ఆయనే గట్టుమీద నిలబడి, ముక్కు ఎగబీలుస్తూ, "పప్పు మాడుతోందే" అన్నారు.

అబద్ధపు హెచ్చరిక చేస్తే జైలని కొత్త చట్టం. పోలీసు వచ్చేసరికి మావారి మొహం పాలిపోయింది. అప్పుడు పక్కింటి ముసలావిడ బురదతోనే పైకెక్కి అతనికి అడ్డం నిలబడింది.

"మమ్మల్ని హెచ్చరించడానికి ఈ పిల్ల ఒక్కత్తే ఉంది నాయనా. దీన్నీ పట్టుకుపోతే మాకెవరు చెబుతారు?"

అతను, సైరన్ ఓడ వచ్చేదాకా ఈ వీధికి మా కుక్కరే సైరన్ అని, విమానాల కబురందితే వెంటనే పొయ్యిమీద పెట్టాలని, వంట మాత్రం గిన్నెలో చేసుకోవాలని ఆజ్ఞాపించి వెళ్లాడు. కూత రావడానికి పావుగంట పడుతుందని అతను అడగలేదు, మేమూ చెప్పలేదు.

విమానాలు రాలేదు. కానీ ఆ కందకం గట్టుమీద సాయంత్రాలు కూర్చోవడం వల్లే నేను ఆ వీధి ఆడవాళ్లందరికీ చుట్టాన్నయ్యాను. ఇప్పుడు యుద్ధం ఎవరి ఫోన్‌లోకి వారికి విడివిడిగా వస్తోంది, ఎవరి భయం వారి గదిలోనే. ఇక్కడ పక్కింటివాళ్లూ మంచివాళ్లే, కనిపిస్తే చెయ్యి ఊపుతారు. చెత్త బిన్ బయటపెట్టే రోజున వాళ్ల పేరేమిటో అడగాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను.