దోనె ముడి

మా నాన్నకి రెండింటి మీదే నమ్మకం. ఒకటి ఆదివారం ప్రార్థన, రెండోది తన చేతి ముడి. ప్రార్థన అయినా అప్పుడప్పుడూ మానేసేవాడు గానీ, తన ముడికి ఎవరైనా వంక పెడితే మాత్రం ఊరుకునేవాడు కాదు.

మాది కొల్లేటి లంక ఊరు. ప్రభుత్వం చేపల చెరువుల గట్లు కొట్టించేశాక వల పనివాళ్ళకి పనన్నదే లేకుండా పోయింది. చూరుకి వేలాడదీసిన వలలు ఎలకల పాలయ్యాయి. ఏం తిని బతుకుతాం? నాన్న, నేను, మా ఆయన ఏలూరు వచ్చేసి కాలవ పక్కన రెండు గదులు అద్దెకు తీసుకున్నాం. అమ్మ అప్పటికే లేదు.

మా ఆయనది చింతలపూడి అవతల మెట్ట ఊరు. నీళ్ళంటే చచ్చేంత భయం. పెళ్ళయిన కొత్తలో దోనె ఎక్కిస్తే రెండు చేతులతో అంచులు పట్టుకుని కళ్ళు మూసేసుకున్నారు. "అల్లుడు గారూ, అది దోనండీ, ఏనుగు కాదు" అని నాన్న పడీ పడీ నవ్వాడు. "నీళ్ళ మీద మీరు మొనగాళ్ళు మావయ్య గారూ, ఎత్తు మీద నేను" అన్నారు ఈయన. అదీ నిజమే. ఆయనది సెంట్రింగ్ పని. శ్లాబు పోయడానికి కింద చెక్కలు కట్టడం, ఆరాక ఊడదీయడం. ఎంత ఎత్తులోనైనా సన్నటి సరుగుడు కర్ర మీద మా పెరట్లో నడిచినట్టే నడిచేవారు. కింద నిలబడి చూసే నేనే కళ్ళు మూసుకునేదాన్ని.

తాడేపల్లిగూడెంలో ఆయన పనిచేసే అపార్ట్‌మెంటుకి ఒకరోజు బిల్డరు పెద్ద నైలాను వల తెప్పించాడు. మనిషి పడితే పట్టుకునే వల. తెప్పించడమైతే తెప్పించాడు గానీ, దాన్ని ఎలా కట్టాలో చెప్పడానికి మనిషిని పంపలేదు. మేస్త్రీ అటు చూసి ఇటు చూసి మా ఆయన్ని పట్టుకున్నాడు. "మీ మావగారు కొల్లేటాయనే కదండీ? వల పని ఆయనకంటే ఎవరికి తెలుస్తుందండీ? ఓసారి రమ్మనండి."

ఆ మాట వినగానే నాన్న ముఖం చూడాలి! ఎన్నాళ్ళయిందో అలా చూసి. ఉతికిన చొక్కా వేసుకుని పొద్దున్నే పాసింజరు ఎక్కేశాడు. చిరుగులుంటే కుట్టడానికి నన్నూ తీసుకెళ్ళాడు. వలని నేల మీద పరిచి, కళ్ళన్నీ తడిమి, ఒక పోగు పంటితో కొరికి చూసి తలూపాడు. "అమ్మాయ్, దీంట్లో ఏనుగు పడ్డా ఆగుద్ది. ఇంక అల్లుడు గారి కింద నా వల ఉంటుంది. నువ్వు హాయిగా అన్నం తిను."

వలకి నాలుగు అంచులా తాళ్ళుంటాయి. వాటిని ఇనప పైపులకి కట్టాలి. నాన్న కట్టాడు. మా లంకల్లో వల తాడుని దోనెకి కట్టే ముడి ఒకటుంది. దోనె ముడి అంటాం. నిదానంగా లాగితే ఎంతసేపైనా బిగుసుకునే ఉంటుంది. ఒక్కసారిగా అదిరితే మాత్రం జారిపోతుంది. అలా జారిపోవాలి కూడా. గాలి రోజున వలలోకి గుర్రపుడెక్క గుట్టలా వచ్చి కొట్టుకుందంటే, ముడి ఊడకపోతే దోనె తిరగబడుతుంది. మా తాత అలాగే పోయాడు. కొత్తగా నేర్చిన బిగిముడి వేశాడట, విప్పుకోలేకపోయాడు. అందుకే నాన్న నాకు చిన్నప్పుడే ఆ ముడి నేర్పుతూ చెప్పేవాడు. "వల పోతే అల్లుకుంటాం. మనిషి పోతే అల్లుకోగలమేంటమ్మా?"

మేస్త్రీ వచ్చి "గట్టిగా కట్టారా బాబాయ్ గారూ?" అన్నాడు. నాన్నకి ఉక్రోషం వచ్చింది. అంచు తాడు పట్టుకుని, కాళ్ళు పైకి ముడుచుకుని, కోతిలా వేలాడి చూపించాడు. ముడి ఇంకా బిగిసింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ఆ తర్వాత కూడా వల చూసుకోడానికి నాన్న, నేను రోజూ పని దగ్గరికి వెళ్ళేవాళ్ళం. శ్లాబు ఆరాక చెక్కలు ఊడదీస్తున్న రోజు అది. మధ్యాహ్నం అన్నాలయ్యాయి. నేను కింద ఇసక కుప్ప దగ్గర కూర్చుని, రాళ్ళు పడి చిరిగితే విప్పి దింపిన ఇంకో వల ముక్క కుడుతున్నాను. పైన చెక్క విరిగిన చప్పుడైంది. తలెత్తేసరికి మా ఆయన గాలిలో ఉన్నారు. వల ఆయన్ని పట్టుకుంది. నా రెండు కళ్ళతో చూశాను, పట్టుకుంది. "ఆగింది! ఆగిందమ్మాయ్!" అని నాన్న ఎగిరి గంతేశాడు. ఆ కేక పూర్తి కాకుండానే రోడ్డు వైపు అంచులో ఒక ముడి జారింది. దాని పక్కది జారింది. వరసగా ఆ అంచువన్నీ జారిపోయాయి. వల ఆ పక్కకి వాలిపోయింది, ఆయన దాని మీంచి దొర్లి ఇటుక ముక్కలకి నడుం తగిలేలా పడ్డారు.

ఏలూరు ఆసుపత్రి, అక్కణ్ణుంచి బెజవాడ. నడుం కింద నుంచి ఇక కదలిక రాదమ్మా అని డాక్టరు గారు చెప్పారు. చూడ్డానికి వచ్చిన బిల్డరు గుమ్మం దగ్గరే నిలబడి, "వల మంచిదేనమ్మా. కట్టింది మీ నాన్నగారే కదా" అన్నాడు. ఒళ్ళు మండిపోయింది నాకు. "కట్టడం నేర్పే మనిషిని ఎందుకు పంపలేదండీ? కొల్లేటివాళ్ళం కదా అని మా మీద పడేస్తే సరిపోయిందా?" అని అరిచాను. ఆయన వాచీ చూసుకుంటూ వెళ్ళిపోయాడు. నాన్న మాత్రం గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. పని దగ్గర వలని తనే చుట్టబెట్టాడట. ఒక్క పోగు కూడా తెగలేదని ఆ రోజంతా అదే మాట గొణుగుతూ ఉన్నాడు.

ఆ తర్వాత నాన్న తాడు ముట్టుకోలేదు. బట్టలారేసే తాడు తెగినా నన్నే పిలిచేవాడు. కూరగాయల సంచి మూతి కట్టమన్నా చేతులు వెనక్కి పెట్టుకునేవాడు. మా ఆయన ఒక్కసారి కూడా ఆయన్ని ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేదేమో. ఇద్దరూ ఒకే గదిలో పొద్దంతా ఉండి, మజ్జిగ కావాలా, ఫ్యాను వెయ్యాలా అని తప్ప ఇంకేం మాట్లాడుకునేవారు కాదు.

మంచానికి పైన దూలం నుంచి ఒక తాడు కడితే, పట్టుకుని పైకి లేచి పక్కకి తిరగొచ్చని కసరత్తులు చేయించే అతను చెప్పాడు. నేను తాడు కొనుక్కొచ్చి నాన్న ముందు పెట్టాను. ఆయన రెండు చేతులూ తొడల కింద పెట్టేసుకున్నాడు. "నా వల్ల కాదమ్మా. నువ్వు కట్టు" అన్నాడు.

స్టూలెక్కి, చేతికి అలవాటైన ముడే వేసి కట్టాను. బరువంతా వేసి వేలాడి చూశాను. ఆగింది. "లేవండి" అన్నాను. ఎన్నో నెలల తర్వాత మా ఆయన ముఖంలో కొంచెం హుషారు కనిపించింది. రెండు చేతులతో తాడు పట్టుకుని, ఊపిరి బిగబట్టి, ఒక్క ఊపున లేచారు. సగం లేచారో లేదో, దూలం మీంచి తాడు జారి ఆయన గుండెల మీద పడింది. వెనక్కి దిండు మీద పడిపోయారు.

ఆయన ఆ తాడుని కొస దాకా తడిమి చూశారు. ఎక్కడా తెగలేదు. గుమ్మంలో నిలబడ్డ నాన్న ఆయన వైపు చూడలేదు, తాడు వైపు చూడలేదు. నా చేతుల వైపు చూశాడు.