ఎడమకొకసారి, కుడికొకసారి

మా లెక్కల సారు పోయారన్న కబురు పొద్దున్నే, వాకిట్లో తునికాకు కట్టలు తిరగేస్తుండగా వచ్చింది. ఖమ్మం దవాఖానా నుంచి వాళ్ళబ్బాయి ఫోన్ చేశాడు. ఎత్తింది నా మనవరాలు. 

"సారు పోయిండ్రంట తాతా" అంది. తర్వాత, ఎవరితోనూ కాదన్నట్టు, "భాగహారం ఇంకా చెప్పలే" అంది.

ఆ పిల్లకు ఇంటర్ రెండో ఏడు లెక్కల పరీక్ష ఒకసారి పోయింది. సప్లిమెంటరీ దగ్గరికొచ్చింది. ఇల్లందు గనుల దగ్గర కాంట్రాక్టు పని చేసే నా కొడుకు ముందే చెప్పాడు: "ఈసారి గూడ పోతే సదువు బంద్ నాయినా. కొత్తగూడెంల బట్టల షాపుల మాట్లాడి పెట్టిన." పిల్లకు టీచరు కావాలని ఉంది. ఆ మాట నాతో తప్ప ఎవరితోనూ అనలేదు.

సారు మా వీధి చివరి ఇంట్లో ఉండేవారు. వాళ్ళది ఖమ్మంలో తాళాలు బాగుచేసే కుటుంబం. ఈ అడవి అంచు ఊళ్ళకు మాస్టరుగా వచ్చి, రిటైరయ్యాక కూడా తిరిగి వెళ్ళలేదు. నాకు ఆయన ఎప్పుడూ పాఠం చెప్పలేదు. నేను చదివింది ఊరి బడిలో నాలుగు వరకే. మనవరాలిని తీసుకుపోయి, పాఠం అయ్యేదాకా అరుగు చివర కూర్చునేవాణ్ణి. 

పిల్లను ముంచింది సంకీర్ణ సంఖ్యలు. మొదటి రోజే అడిగేసింది: "వర్గం చేస్తే మైనస్ వచ్చే సంఖ్య యాడుంటది సార్? లేనిదాన్ని ఎట్ల కలపాలె?"

"ఉన్నదా లేదా తర్వాత కొట్లాడుదాం బేటా. పని చేస్తదా లేదా, ముందుగాల గది చూద్దాం" అన్నారు సారు.

మా ఇంట్లోవే తెచ్చి చెప్పారు. తునికాకు ఒక గంప, ఇప్పపువ్వు ఒక గంప. ఎవరైనా ఇంకో రెండు గంపలు తెస్తే ఆకు ఆకులో పోస్తాం, పువ్వు పువ్వులో పోస్తాం. కూడికైనా తీసివేతైనా అంతే. మామూలు సంఖ్య ఒక గంప; పిల్ల లేదన్న ఆ సంఖ్య పేరు ఐ, అది ఉన్నది ఇంకో గంప. అది పిల్లకు ఒక్క సాయంత్రంలో వచ్చింది.

గుణకారం దగ్గర ఆగిపోయింది. ఐ ని ఐ తో గుణిస్తే మైనస్ ఒకటి రావాలి. ఈ పిల్ల ప్రతిసారీ ప్లస్ వేసేది. సారు లెక్క తప్పయితే అడ్డంగా గీత కొట్టేవారు కాదు. తప్పు మొదలైన చోట చిన్న చుక్క పెట్టేవారు. "లెక్కంత తప్పు లేదు, ఈడికెల్లి మొదలైంది" అనేవారు. చుక్కలు పెరిగాయి. పిల్ల కాగితం చిరిగేదాకా రబ్బరుతో తుడిచేది.

ఒకరోజు సారు నా వైపు తిరిగారు. "అన్నా, జర లేసి నిలబడు."

"నేనా సార్?"

"నువ్వే. ఇయ్యాల నువ్వు ఒకటివి."

తూర్పు ముఖంగా నిలబెట్టారు. ఎదురుగా బోరింగు, చుట్టూ బిందెలతో ఆడవాళ్ళు. "తాతకు గూడ పరీక్ష ఉన్నదా సార్?" అందొకామె.

"అవ్, ఉన్నది. మీకంటె ముందు పాసైతడు" అన్నారు సారు. "అన్నా, ఐ తోని గుణించుడంటే పక్కకు తిరుగుడు. తిరుగు."

నేను కుడికి తిరిగాను. గుడి చుట్టూ తిరిగినా, పెళ్ళిలో అగ్గి చుట్టూ తిరిగినా నాకు అటే అలవాటు.

సారు నవ్వారు. "లెక్కల ఎడమకు తిరగాలె. మావోళ్ళు హజ్‌కు పోతే కాబా చుట్టు ఎడమకే తిరుగుతరు. నువ్వు గుళ్ళె తిరిగినట్టు తిరిగినవ్."

"తప్పయింది సార్."

"తప్పేంది? నువ్వు మైనస్ ఐ అయినవ్, అంతే. ఇంకోసారి అటే తిరుగు."

తిరిగాను. ముఖం పడమరకు వచ్చింది. బోరింగు వెనక్కి పోయేసరికి ప్రాణం కుదుటపడింది.

"చూడు బేటా. ఎడమకు రెండుసార్లు తిరిగినా, కుడికి రెండుసార్లు తిరిగినా బోరింగు కాడోళ్ళకు తాత వీపే కనబడతది. గదే మైనస్ ఒకటి."

పిల్ల నవ్వింది. ఆ తర్వాత మైనస్ మరిచిపోలేదు.

ఆఖరి సాయంత్రం సారు మాటిమాటికి ఛాతీ రాసుకున్నారు. నేను చూస్తుంటే "ఎండ అన్నా" అన్నారు. అయినా మళ్ళీ నన్ను నిలబెట్టారు. "ఎడమకొకసారి. ఇగ కుడికొకసారి. ముఖం యాడున్నది?"

"మొదలున్న తాన్నే సార్."

"ఐ ని మైనస్ ఐ తోని గుణిస్తే ఐ పోయింది, మైనస్ గూడ లేదు. భాగహారంల కింద ఐ ఉంటే ఏం జెయ్యాలెనో తాత చెప్పిండు బేటా. రేపు లెక్కల పెట్టి చూద్దాం."

ఆ రాత్రే ఖమ్మం దవాఖానాకు తీసుకుపోయారు. కబురు వచ్చిన రోజు మధ్యాహ్నానికి సారును ఊరికి తెచ్చారు. మట్టిలో ముఖం పడమరకు తిప్పి పడుకోబెట్టారు. నేను తూర్పున, ఆయన వీపు వెనకాల నిలబడ్డాను.

ఇంటి దగ్గర సారు భార్య ఏడుస్తూనే మనవరాలి చెయ్యి పట్టుకుంది. "ఈడ కూసోకు బేటా. పోయి సదువుకో. సారుకు కోపమొస్తది."

పిల్ల చదివింది. భాగహారం పేజీ తీసి రాసేది, ఆగేది, తన తప్పు దగ్గర తనే చుక్క పెట్టుకునేది. "కింద ఐ పోతలేదు తాతా" అనేది. సారు నన్ను తిప్పింది గుర్తు చేద్దామని నోటిదాకా వచ్చేది. నాకు తెలిసిందే సగం. తప్పు చెప్తే ఆ పిల్లకు ఉన్నది కూడా పోతుందేమోనని భయం. చాయ్ పెట్టి ఇచ్చి ఊరుకునేవాణ్ణి. ఆ పిల్ల తాగడం మరిచిపోయేది.

పరీక్షకు కొత్తగూడెం పోయాం. కొడుకు చెప్పిన బట్టల షాపు దారిలోనే ఉంది. పిల్ల అటు చూడలేదు. నేను చూశాను. అద్దాల వెనక ఒక అమ్మాయి చీరలు మడతపెడుతోంది. పరీక్ష సెంటరు గేటు మూసిన దగ్గర నుంచి మళ్ళీ తెరిచేదాకా గేటు ఎదుటే నిలబడ్డాను.

ఫలితం ఇంకా రాలేదు. కొడుకు ఫోన్ చేసినప్పుడల్లా మనవరాలి కంటే ముందు నేనే ఎత్తుతున్నాను. సారు ఉంటే, "ఇగ దానికేం భయం, రాసినది రాసినట్టే ఉంటది" అని ఉండేవారేమో.

పరీక్ష అయిన ఆ రోజు పిల్లలందరూ గుంపుగా బయటికి వచ్చారు. మా పిల్ల చివర వచ్చింది.  తను నా ఎదురుగా వచ్చి నిలబడింది. అట్ట చంకలో పెట్టుకుని, అంత జనంలో, ఎండలో, ఎడమకు ఒకసారి తిరిగి ఆగింది. మళ్ళీ కుడికి తిరిగింది. ముఖం నాకు ఎదురుగా వచ్చింది.