అప్పన్న గారి భుజం మీది పట్టీ

రిటైర్మెంటుకు కొద్దికాలం ముందు నన్ను శ్రీకాకుళంలో ఓ ఆసుపత్రి నొప్పి నివారణ విభాగానికి అధిపతిగా వేశారు. విభాగమంటే నేనూ, ఒక నర్సూ, తాళం వేసిన మార్ఫిన్ బీరువా. మత్తు డాక్టరుగా అన్నేళ్లూ నిద్రపోయేవాళ్లతోనే గడిపినవాణ్ణి. మెలకువగా ఉన్న రోగి దొరికితే ఉపన్యాసం ఆపడం నాకు చేతనయ్యేది కాదు.

అలా దొరికారు అరసవల్లి సన్నాయి విద్వాంసులు అప్పన్న గారు. క్యాన్సర్ వెన్నెముకకు పాకి, కూర్చోలేకపోతున్నారు. కూర్చోకపోతే శిష్యులకు పాఠం లేదు, పాఠం లేకపోతే బతికేం లాభమని ఆయన బాధ. మార్ఫిన్ మాత్ర నొప్పి వచ్చేదాకా ఆగకుండా నాలుగు గంటలకోసారి వేసుకోవాలనీ, క్యాన్సర్ నొప్పికి సరైన మోతాదులో వాడితే వ్యసనమవడం అరుదనీ దంచి చెప్పాను. ఆయన లేచి కూర్చున్నారు. నేను ఉబ్బిపోయాను.

అయితే ప్రతి సోమవారం చెమటలు, ఆవలింతలు, ముక్కు కారడంతో వచ్చేవారు. మందు హఠాత్తుగా ఆగితే కనిపించే లక్షణాలివి. వ్యసనం అరుదని ఊదరగొట్టిన నేనే ముందు దాన్ని అనుమానించాను. అడిగితే ఆయన తేల్చేశారు: “ఆదివారం తెల్లారితే మల్లీ సోమారం తెల్లారేదాకా నోట్లో ఏటీ ఎయ్యను బాబూ. సూర్నారాయణ సామికి మొక్కున్నాది.”

నాలోని పండితుడు నిద్ర లేచాడు. మాత్రల బదులు, మార్ఫిన్ జాతిదే ఫెంటనిల్ మందు పట్టీ ఉంది కదా! భుజానికి అతికిస్తే మూడు రోజులపాటు చర్మంలోంచి మందు దిగుతుంది. మొక్కూ చెడదు. వేడికి మందు ఎక్కువగా దిగి ఊపిరి మందగిస్తుంది కాబట్టి కాపడం పెట్టొద్దని కూడా హెచ్చరించాను. అంత జాగ్రత్తపరుణ్ణి.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం ఆయన భార్య ఫోన్ చేసింది. “గురక పెడతన్నారు బాబూ, లేపితే లెగట్లేదు.” మొక్కులో రెండో సగం నేను అడగనే లేదు. ఆ రోజు ఆయన ఎంత నొప్పైనా ఓర్చుకుని, పొద్దుట్నుంచీ చొక్కా విప్పి, ఎండలో సూర్యుడికి ఎదురుగా కూర్చుంటారు.

పట్టీ పీకేయమని చెప్పి, నర్సునూ విరుగుడు ఇంజెక్షన్ నలాక్సోన్‌నూ వెంటబెట్టుకుని ఆటోలో పరుగెత్తాను. ఊపిరి ఎప్పుడో ఒకటి ఆడుతోంది. చంపేశాననే అనుకున్నాను. విరుగుడు కొద్దికొద్దిగా ఎక్కించగా కళ్లు తెరిచి, నన్ను ఎగాదిగా చూశారు.

“ఏటి బాబూ, ఇంత సెమట? మీరూ ఎండలో కూకున్నారేటి?”

ఫెంటనిల్ కంటే విరుగుడు ప్రభావం ముందే తగ్గిపోతుంది గనక ఆసుపత్రికి తెచ్చి మర్నాటి దాకా కనిపెట్టుకుని ఉన్నాం. మళ్లీ మాత్రలే ఇచ్చాం. ఆదివారం సంగతి ఆయన భార్య చూసుకుంది. “మందు తిండి కాదు, ఏసుకోండి” అంది, ఆయన వేసుకున్నారు. పాఠాలు సాగాయి.

నేను నేర్చుకున్నది ఒక్కటే. ఇలాంటి మందు రాసేముందు రోగి తన వారమంతా ఎలా గడుపుతాడో అతని నోటే చెప్పించుకోవాలి. అంతసేపూ డాక్టరు నోరు మూసుకోవాలి.