స్వామికి అత్తగారు

ఆ ఏడు ఉగాదికి ఆదోని నుంచి కడపకు పోయి, దేవుని కడప గుడిలో క్యూలో నిలబడ్డాను. నా ముందు బురఖా వేసుకున్న ఒకామె టెంకాయ పట్టుకొని ఉంది. దారి తప్పి వచ్చిందేమో అనుకున్నాను.

"ఏమ్మా, ఇది వెంకటేశ్వరస్వామి గుడి. నువ్వు యాడికి పోవల్ల?"

"ఈడికే అక్కా. సామి మా బీబీ నాంచారమ్మను చేసుకున్నాడు గదా! పండగపూట అల్లుణ్ణి చూడకుంటే ఎట్ల?"

"అల్లునికి ఒక్క టెంకాయతో సరిపెడతాండావే!"

ఆమె నవ్వింది. అంతలోనే కళ్లు తుడుచుకుంది.

"ఈసారి అడిగేదానికి వచ్చినా అక్కా. రేపు నా కూతురికి గుండె ఆపరేషను. మా బిడ్డను నీకిచ్చినాము, నా బిడ్డను నువ్వు చూసుకోవల్ల అని చెప్తా."

"గట్టిగా చెప్పు. ఈరోజు శానామంది అడుగుతాంటారు."

నేను దేవుణ్ణి ఎప్పుడూ బతిమాలుకున్నదాన్నే. ఇట్లా చుట్టరికం కలుపుకొని దబాయించే భక్తిని ఆరోజే చూశాను. ఆమె గర్భగుడి ముందు నిలబడి, అక్కడున్న అందరికీ వినపడేట్టు తన మాట చెప్పేసింది.

తర్వాత నా వంతు వచ్చింది. చేతులు జోడించి ఒక్కటే అడిగాను:

"సామీ, మీ అత్త మాట తీసేయొద్దు."