ఊదా అంటే బతికున్నట్టు

పట్నంల ఒక ల్యాబులో క్యాన్సర్ కణాలను పెంచుత. పెంచి, మందులు పోసి చంపుత. గద్వాలలో మావోళ్లకు ఇదేం ఉద్యోగమో చెప్పలేక కతలు మొదలుపెట్టిన. రోజు మార్చి రోజు ఆ కణాలకు మేత వెయ్యాలె, చుట్టాల పెండ్లికి రానంటే మా అక్క ఊకోలే.

"బర్లున్నోడే వస్తుండు, నీకేందిరా?"

"బర్లు నయమే అక్కా. ఇవి నేను లేకుంటే మూత ఎత్తుకొని వరండాలకొస్తయి."

మా పిన్నమ్మలు ఇప్పటికీ ఆ ల్యాబున్న గల్లీలకు రారు.

ఆ అక్కకే ఈ ఏడు రొమ్ము క్యాన్సర్ వచ్చింది. సగం కీమోలు అయినంక నోరంతా పుండ్లు, తలమీద వెంట్రుక లేదు. ఇంక దవాఖానకు రానని మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూసున్నది. బావ ఫోన్ చేసిండు: "నీ కతలతోనన్న లేపు."

పోయి మొదలుపెట్టిన. "నీకెక్కించే మందే మా దగ్గర ఉన్నది. సీసా తియ్యంగనే కణాలన్నీ వరుసకట్టి దండం పెడతయి. అండ్ల ఒక ముసలిది, చేతికర్ర పట్టుకొని..."

"వాటికి చేతులెక్కడివిరా?" మగ్గం మీద నూలు పట్టుకొని అటుఇటు ఉరికే నాడె ఆగలేదు.

దొరికిపోయిన. ఫోన్ల ఫోటో తీసి చూపించిన. ప్లాస్టిక్ పళ్లెం, అండ్ల శనగగింజ పట్టేంత గుంటలు. కొన్ని ఊదా, కొన్ని పసుపు. రంగులు కనపడంగనే నాడె ఆగింది.

"పసుపు రంగు పోస్తం. కణం బతికుంటే దాన్ని ఊదా చేస్తది. చస్తే పసుపు పసుపే."

"ఈ నడుమ లేత ఊదా ఏంది?"

"అక్కడ మందు సగమే పోసినం."

జరసేపు దాన్నే చూసింది. "మరి మంచి కణాల మీద పోస్తే?"

మంచి కణాలనైతే మందే పేరుపెట్టి పిలిచి, టీ తాపి పంపిస్తదని నాలుక చివరిదాకా వచ్చింది. మింగిన.

"చస్తయి, అక్కా. కొన్ని. మళ్ల మొలుస్తయి."

"వెంట్రుకల లెక్క?"

"వెంట్రుకల లెక్కనే."

నా మొకం దిక్కు చూసింది. "నువ్వు గింత చిన్నగ చెప్పినవంటే నిజమే." గుంటలోంచి లేచి, పెట్టెలోంచి పసుపు చీర తీసింది.

దవాఖానకు పోయే బస్సులో ఊదా చీరామె పక్కసీటుకొస్తే అక్క సంచి అడ్డం పెట్టింది. "ఆమేం చేసిందే అక్కా?" అన్న. వినలే. పెబ్బేరు దాటినంక మోచేతితో పొడిచింది.

"ఆ చేతికర్ర ముసలిది ఏమైందిరా?"